కాలవ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు మాట

మా ఇంగ్లీషు మాస్టారు మాటలకు అర్థం చెప్పేవారు కాదు, చూపించేవారు. వేసవంతా కట్టేసిన కాలవకు గోదావరి కొత్తనీరు వదిలిన రోజున మమ్మల్ని గట్టుకు తీసుకెళ్లి, ఆ ఎర్రటి నీళ్లు దోసిళ్లతో తాగించి, "ఫ్రెష్ అంటే ఇదేనర్రా" అన్నారు.

ఆ ఏడు బడి తనిఖీకి వచ్చిన దొర, ఫ్రెష్ అంటే ఏమిటని నన్నడిగాడు.

"ఎర్రగా, బురదగా ఉండేదండి" అన్నాను.

దొర మొహం చిట్లించి మాస్టారి వంక చూశాడు. ఆయన ఉద్యోగం ఆ దొర చేతిలోనే ఉంది.

మాస్టారు నా భుజం మీద చెయ్యి వేసి, "మావాడు సరిగ్గానే చెప్పాడండి. కాలవ దాకా రండి, చూపిస్తాను" అన్నారు.

దొర రాలేదు. మరుసటేడు బడికి మాస్టారూ రాలేదు.

ఇప్పటికీ కాలవ ఎర్రబడగానే ఒక దోసెడు తాగి, ఆ మాట పైకే అంటాను.