ఎనభై ఆరు కిలోల ఇన్‌స్పెక్టర్

నేను తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్‌ని. సర్కారు ముద్ర లేని కాటా కనిపిస్తే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఈ నెలాఖరుకు రిటైర్మెంట్. ఆ మర్నాటి నుంచి నేనెవరినని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక, నిజం చెప్పొద్దూ, రెండు నెలలుగా భయంగా ఉంది. నా భార్య సుజాతకు ఆ ఫికరేమీ లేదు. సర్వీసు మచ్చ లేకుండా గడిస్తే మేడారం అమ్మవార్లకు నా నిలువెత్తు బంగారం ఇస్తానని ఎప్పుడో మొక్కుకుంది. అక్కడ బంగారమంటే బెల్లమే. మనిషి ఎంత తూగితే అంత.

ఆదివారం ఉదయం ఆరున్నరకు హనుమకొండ సుబేదారిలో ఇంటికి తాళం వేస్తూ షరతు పెట్టింది.

"ఇయ్యాల మీరు ఇన్‌స్పెక్టర్ గాదు. ఎవల కాటా జోలికీ పోవద్దు. ఉత్త మనిషి లెక్క రాండ్రి."

సరేనన్నాను. కానీ ఆమె భుజాన ఉన్న సంచిలో, పులిహోర డబ్బా కింద, నా అయిదు కిలోల ఇనుప తూకపురాయి అప్పటికే చేరిపోయింది.

ఏడుంపావుకు బస్టాండులో మేడారం బస్సు దొరికింది. ఆడవాళ్లకు ఉచితం కనుక టికెట్టు నా ఒక్కడికే. ములుగు దాటాక పక్క సీటులోని పెద్దావిడ పలకరించింది. పేరు లచ్చమ్మ, పరకాల అంగట్లో కూరగాయలు అమ్ముతుందట.

"నువ్వేం పని జేస్తవు, సారూ?"

సుజాత మోచేత్తో పొడిచింది. "ఏం లేదమ్మా," అన్నాను.

"అయ్యో, పని లేదా! పాపం!" అని లచ్చమ్మ ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ల సర్వీసులో ఏ అంగట్లోనూ ఒక్క పండు ఉత్తగా ముట్టనివాణ్ని. ఆ జామకాయ మాత్రం నోరెత్తకుండా తిన్నాను.

తాడ్వాయి అడవి దాటి పదింటికి మేడారంలో దిగాం. అమ్మవార్ల గద్దెలకు వెళ్లే దారిలో ఖాజాభాయి బెల్లం దుకాణం. లచ్చమ్మ కూడా కిలో బెల్లం కోసం మాతోనే ఆగింది. చెప్పులు విడిచి కాటా ఎక్కాను. ఎనభై ఆరు!

ఇంట్లో కాటా మీద పొద్దున్నే చూసుకున్నాను, డెబ్బై నాలుగు. పన్నెండు కిలోల మోసం, అదీ అమ్మవార్ల ముంగిట్లో! నాకు తెలియకుండానే గొంతు లేచింది.

"ఈ కాటాకు ముద్రేది?"

"పక్కకే ఉన్నది సార్, చూడుండ్రి," అన్నాడు ఖాజాభాయి. ఉంది, ఈ ఏడాదిదే.

అయినా ఆగలేదు. పులిహోర డబ్బా పక్కన పెట్టి రాయి బయటికి తీశాను.

సుజాత నుదురు కొట్టుకుంది. "పొద్దటిసంది నా భుజం గుంజుతాంటే నీళ్ల సీసాలనుకున్న!"

జనం మూగారు. రాయిని కాటా మీద పెట్టాను. సరిగ్గా అయిదు. తిప్పి పెట్టినా అయిదే. రాయి పట్టుకుని నేనూ ఎక్కాను. తొంభై ఒకటి. సుజాత అందుకుంది.

"ఇంట్ల కాటా పన్నెండేండ్లసంది డెబ్బై నాలుగే చూపెడ్తాంది. పాంట్లు మాత్రం మూడుసార్లు వదులు జేపిచ్చిన."

ఊరందరి కాటాలూ పరీక్షించినవాణ్ని, ఇంట్లోదాన్ని ఒక్కసారీ పరీక్షించలేదు. అది నాకు నచ్చిన మాటే చెబుతోంది కదా! సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అందరి ముందూ చేతులు జోడించాను.

"మాఫ్ చెయ్యి, భాయ్. నీ కాటా కరెక్టే, తప్పు నా ఇంటి కాటాది. నేను తూనికల ఇన్‌స్పెక్టర్‌ని. ఈ నెలే ఆఖరు."

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. బెల్లమైతే ఎనభై ఆరు కిలోలు తీస్కోవాల్సిందే," అని నవ్వాడు.

తీసుకున్నాం. తోపుడు బండి మీద గద్దెల దాకా చేర్చి మొక్కు తీర్చి, పులిహోర తిని, రెండున్నర బస్సెక్కాం. లచ్చమ్మ మాకు సీట్లు ఆపి ఉంచింది.

"సారూ, వచ్చే నెల మా అంగడికి రారాదు? నా కాటా తక్కువ తూగుతాందని గిరాకీలు రోజూ లొల్లి వెడ్తాండ్రు. నువ్వు జూసి జెప్తే నమ్ముతరు."

"అప్పటికి రిటైరైపోతా, లచ్చమ్మా. ముద్ర వేసే అధికారం ఉండదు."

"ముద్రెవలికి గావాలె? నీ కాటాదే తప్పని పదిమందిల ఒప్పుకున్నవు. గసొంటోని మాట నమ్మరా?"

నెలాఖరు తర్వాత కూడా నా కోసం ఒకరు ఎదురుచూస్తారు! పొద్దుటి షరతు గుర్తొచ్చి, సుజాత వైపు బెరుగ్గా చూశాను.

"పోండ్రి, ఎవలొద్దన్నరు? గానీ రాయి మీరే మోసుకోవాలె."

అయిదున్నరకు హనుమకొండలో దిగాం. మేడారం వెళ్లేవారికి నా సలహా ఒక్కటే, ఇంటి కాటాను నమ్ముకుని బయలుదేరకండి. బస్టాండు నుంచి ఇంటి దాకా సంచి నేనే మోశాను.