రత్నం కట్టిన వరస

1943లో బెజవాడ మకాంగా తిరిగే ఒక నాటక సమాజంలో మొదటి హార్మోనిస్టుగా చేరాను. అప్పటికి నాకు నలభై ఏళ్లు. సమాజంలో హోదాలు ఖచ్చితంగా ఉండేవి. పైన సమాజాన్ని నడిపే కాంట్రాక్టరు గారు, ఆయన తర్వాత రాజపాత్రలు వేసే నటుడు, మూడో స్థానం హార్మోనిస్టుది. నటుడికి శ్రుతి అందించడం, పద్యం చివర అతను రాగం ఎంతసేపు సాగదీస్తే అంతసేపు వెంట నడవడం, కొత్త పాటలకు వరసలు కట్టడం నా పనులు. ఈ చివరి పనినే ఇప్పుడు సంగీత దర్శకత్వం అంటున్నారు.

జనం వచ్చేది మాత్రం మా ముగ్గురి కోసం కాదు, రత్నం కోసం. పెడన నేతపనివారి బిడ్డ. ఎనిమిదో ఏటి నుంచి బాలపాత్రలు వేస్తూ పద్నాలుగో ఏట పడ్డాడు. వాడు ఐదున్నర శ్రుతిలో, అంటే పెద్దవాళ్లు మెడ నరాలు బిగించినా అందుకోలేని ఎత్తులో, నవ్వుతూ పాడేవాడు. ఒక్కో పద్యం మూడుసార్లు పాడించుకునేదాకా జనం ఊరుకునేవారు కాదు. ఇంత పేరున్నా వాడి ధ్యాసంతా నా హార్మోనియం పెట్టె మీదే. వేషం తీసేసి పక్కన చేరి, "మాస్టారూ, ఇందాక రెండో పాదం కాడ మెట్టు తప్పారండీ" అని ఎవరికీ వినపడకుండా చెప్పేవాడు. తప్పే ఉండేవాణ్ణి.

ఆ వేసవిలో మైలవరంలో పందిరి వేసి ఆడుతున్నాం. వాడి గొంతులో జీర నాలుగు రోజులుగా వింటున్నాను. శ్రుతి ఒక మెట్టు దించుదామంటే కాంట్రాక్టరు గారు, "ఆ ఎత్తు కోసమే గదండీ జనం వచ్చేది" అన్నారు. నేను గట్టిగా వాదించలేదు. మొదటి అంకంలోనే పై షడ్జం దగ్గర వాడి గొంతు రెండుగా చీలింది. పందిరంతా గొల్లున నవ్వింది. వాడు ఒక్క క్షణం ఆగి, మిగిలిన రెండు పాదాలూ రాగం లేకుండా, మాట తడబడకుండా వచనంలా చెప్పి ముగించాడు. లోపలికి వచ్చి బట్టల పెట్టెల వెనక ముఖాన రంగుతోనే కూర్చున్నాడు. ఎంత పిలిచినా పలకలేదు.

బెజవాడ చేరాక డాక్టరు కొన్ని నెలలు పాడొద్దన్నాడు. కాంట్రాక్టరు గారు బాలపాత్రలకు వేరే పిల్లను మాట్లాడి, కొడుకును తీసుకుపొమ్మని రత్నం తండ్రి వీరయ్యకు కార్డు రాశారు.

తండ్రి రావడానికి పది రోజులు పట్టింది. అప్పుడే కొత్త నాటకంలో ఒక జోలపాట నన్ను తిప్పలు పెడుతోంది. నాలుగు వరసలు కట్టాను. తల్లి పాత్ర వేసే నటుడు నాలుగూ పాడి చూసి, "నన్ను జోకొట్టమంటారా, ఏడవమంటారా మాస్టారూ?" అన్నాడు. ఆ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి రత్నం నా హార్మోనియం ముందు కూర్చుని తిత్తి మెల్లగా వేస్తూ ఏదో వాయిస్తున్నాడు. అవే మాటలు, వేరే నడక. ఐదు దెబ్బల తాళం, అందులో ఒకచోట చిన్న ఆగుడు.

"మళ్లీ వాయించు" అన్నాను. వాయించాడు. దాన్ని ఆ సాయంత్రమే నటుడికి నేర్పాను.

"శభాష్ మాస్టారూ! ఇన్నాళ్లకు పడింది" అన్నారు కాంట్రాక్టరు గారు. నేను తల ఊపాను. అంతే. ఉన్న ఉద్యోగం జారిపోతుందనే భయం ఒకటి, పొగడ్త రుచి ఒకటి. రత్నం పక్కనే పంచెలు మడత పెడుతున్నాడు. ఒకసారి నా వంక చూసి మళ్లీ మడతల్లో పడ్డాడు.

రెండు రోజులకు వీరయ్య వచ్చాడు. రిహార్సలు అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడి విని, నా దగ్గరకు వచ్చాడు.

"మాస్టారూ, మీ ఇంట్లో మగ్గం ఉందాండీ?"

లేదన్నాను.

"మరి మా మగ్గం నడక మీకెట్టా తెలిసిందండీ? నూలు నాడె అటు పోయి ఇటొచ్చాక, దెబ్బ పడే ముందు కూసింత ఆగుద్ది. మా ఆడది ఆ ఆగుడు కాడే చంటోణ్ణి జోకొట్టేది."

అతను ఎత్తిపొడవడం లేదు. సంతోషంతో అడుగుతున్నాడు. నేను లేచి తిన్నగా కాంట్రాక్టరు గారి గదికి వెళ్లి, వరస రత్నానిదని చెప్పాను.

"మొన్ననే చెప్పొచ్చు గదండీ?" అన్నారాయన.

ఆయన కుర్రవాణ్ణి పిలిపించి, నా నాలుగు వరసల్లో ఒకదాన్ని ఇచ్చి బాగుచేయమన్నారు. వాడు సంకోచిస్తూ నా వైపు చూశాడు. చెయ్యమన్నాను. పావుగంటలో దాన్ని మరో పాటకు పనికొచ్చేలా మార్చాడు. రెండో హార్మోనిస్టుగా ఉండనిస్తామని కాంట్రాక్టరు గారు వీరయ్యతో అన్నారు.

"ఉంటావంట్రా?" అని తండ్రి అడిగాడు.

"ఉంటా నాన్నా. ఇక్కడ పాడకపోయినా పనుంది" అన్నాడు రత్నం బొంగురు గొంతుతో. మైలవరం తర్వాత వాడు నలుగురి ముందు నోరు విప్పడం అదే మొదలు.

కొత్త నాటకం కరపత్రంలో జోలపాట కింద వాడి పేరొక్కటే వేయించాను. వాడు ఆరేళ్లు నా పక్కన పనిచేశాడు. మూడో ఏటి నుంచి కష్టమైన వరసలన్నీ వాడే కట్టాడు, తేలికవి నాకు వదిలేవాడు. 1949లో సినిమాల్లో వరసలు కట్టే పని మీద మద్రాసు వెళ్లాడు. రైలెక్కించిన రోజున కూడా, వెనకటి నాటకంలో నేను తప్పిన ఒక మెట్టు గుర్తుచేసి మరీ వెళ్లాడు.

పాడేవాడు జనానికి కనిపిస్తాడు. వరస కట్టినవాడు కనిపించడు. అతని పేరు చెప్పడం హార్మోనిస్టు ఉద్యోగంలో భాగమని, అడిగేదాకా ఆగి చెబితే ఆ పని సగమే చేసినట్టని నేను నలభై ఏళ్ల వయసులో తెలుసుకున్నాను.