బీడీల అరుగు మీద మానిన సిగరెట్టు

జగిత్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఎండాకాలం నాకు సిరిసిల్ల నుంచి జగిత్యాల ఆస్పత్రికి బదిలీ అయింది. అప్పటికి నేను హెడ్ నర్సును. వార్డు డ్యూటీ చూసుకుంటూనే, బీపీ, షుగర్ క్లినిక్‌లో పొగాకు మాన్పించే కౌన్సెలింగ్ కూడా చూడాలని ఆర్డర్ ఇచ్చారు. కౌన్సెలింగ్ కోసం కేటాయించిన గదిలో అప్పటిదాకా విరిగిన చక్రాల కుర్చీలు పెట్టేవారట. నేను చేరేనాటికి వాటిలో ఒకటి ఇంకా అక్కడే ఉంది. తీసేయమని రెండుసార్లు చెప్పి చూశాను. మూడోసారి దాన్ని తుడిపించి, వచ్చినవాళ్లను అందులోనే కూర్చోబెట్టాను. సిగరెట్ మానడానికి వచ్చినవాడు చక్రాల కుర్చీలో కూర్చుంటే నేను చెప్పాల్సిన మాటల్లో సగం ఆ కుర్చీయే చెప్పేసేది.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ముందు అడగాలి: ఏం తాగుతున్నావు, ఎప్పటినుంచి, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తావు. లేవగానే ముట్టించేవాడికి అలవాటు గట్టిగా పట్టుకుందని అర్థం. తర్వాత మానమని సూటిగా చెప్పాలి. మానడానికి సిద్ధంగా ఉన్నాడో లేడో తేల్చుకోవాలి. ఉంటే ఒక తారీఖు పెట్టించాలి. ఆ తారీఖుకు ముందే సిగరెట్ డబ్బా, లైటర్, యాష్‌ట్రే ఇంట్లోంచి తీసేయించాలి. తాగాలన్న కోరిక లేచినప్పుడు కాసేపు ఆగడం, మంచినీళ్లు తాగడం, గట్టిగా ఊపిరి తీయడం, చేతికి ఏదైనా పని చెప్పడం నేర్పాలి. అప్పుడు కూడా ఆగలేని వాళ్లకు నికోటిన్ బిళ్లలు, చూయింగ్ గమ్ముల వంటివి డాక్టరు రాస్తారు. ఆ తర్వాత మళ్లీ మళ్లీ పిలిపించి చూడాలి. వినడానికి ఇంతే. ఇల్లు అలకగానే పండగ కాదని మా వాళ్లు ఊరికే అనలేదు.

మా వైపు మగవాళ్లకు మానడం రాదని నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఏటా కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాళ్లను చూడండి. మండలం రోజులు సిగరెట్ వైపు కన్నెత్తి చూడరు. మాల తీసిన పూటే హోటల్ ముందు నిలబడి ముట్టిస్తారు. మానడం వచ్చు, మానినట్టే ఉండడం రాదు. సిరిసిల్లలో మా నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. షెడ్డులో నూలుకు నిప్పంటుకుంటుందని లోపల ఎవరూ ముట్టించేవారు కాదు. షిఫ్టు అంతా ఓపిక పట్టిన మనిషి, గేటు దాటగానే ఓపిక కూడా లోపలే వదిలేసి వచ్చేవాడు.

మల్లేశం ఆ ఎండాకాలమే వచ్చాడు. కోరుట్ల మనిషి, నలభై దాటి ఎంతో కాలం కాలేదు. దుబాయిలో చాలా ఏళ్లు చేసి, కాలు నొప్పితో తిరిగొచ్చాడు. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేసేది, ఆగితే తగ్గేది. తర్వాత పడుకున్నా తగ్గని నొప్పి. వచ్చేనాటికి ఎడమకాలి చిటికెన వేలు నల్లబడింది. సర్జన్ చూసి బర్జర్ వ్యాధి అన్నారు. పొగ తాగేవాళ్లకు కాళ్లలో, చేతుల్లో చిన్న రక్తనాళాలు మూసుకుపోయే జబ్బు అది. దీనికి మందులు ఉన్నాయి కానీ అవన్నీ పొగ మానినవాడికే పనిచేస్తాయి. మానకపోతే ముందు వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది దాకా తీసేయాల్సి వస్తుంది. తగ్గిస్తే చాలదు, ఒక్కటి కూడా తాగకూడదు. నికోటిన్ గమ్ము కూడా ఇవ్వలేం, ఎందుకంటే ఆ నాళాలకు నికోటినే విషం. అంటే నా చేతిలో ఉన్న సాయాల్లో ఒకటి అప్పుడే పోయింది.

వేలు తీసేశారు. కాలు నిలవడం ఇక నీ చేతిలోనే ఉందని సర్జన్ చెప్పి అతణ్ని నా గదికి పంపారు. భార్య లక్ష్మి వెంట వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. అరిగి నల్లబడిన చేతివేళ్ల చివర్లు చూసి బీడీలు చేస్తుందని చెప్పగలిగాను. ఇంట్లో బీడీలు చేస్తుంటే ఈయన సిగరెట్ ఎందుకు తాగుతాడని అడిగితే ఆమె చిన్నగా నవ్వింది. దుబాయి నుంచి వచ్చినవాడు బీడీ తాగితే నామోషీ అట. పొరుగింటి పుల్లకూర రుచి.

మల్లేశం కూడా ఒకప్పుడు అంజన్న మాల వేసుకున్నవాడే. అప్పుడు ఎట్లా మానావని అడిగాను.

“గప్పుడు దేవుడు సూత్తడు గద మేడం,” అన్నాడు.

“ఇప్పుడు సూడడా?”

“సూత్తడు. గని మెడల మాల లేదు గద.”

మంగళవారం నుంచి మానేస్తానన్నాడు. ఇంట్లో పొగాకు సామాను లేకుండా చూసుకోమని ఇద్దరికీ చెప్పి పంపాను.

రెండు వారాల తర్వాత రమ్మన్న రోజున మల్లేశం రాలేదు. లక్ష్మి ఒక్కతే వచ్చింది. మానలేదని, ఇంతకుముందు కంటే ఎక్కువ తాగుతున్నాడని చెప్పింది. ఇంకోమాట కూడా చెప్పింది. నేను పొగాకు లేకుండా చేయమన్నానని ఆమె బీడీల పని మానేసింది. తునికాకు, అందులో నింపే తంబాకు కంపెనీకి వాపసు ఇచ్చేసింది. ఆ పనితోనే ఇన్నేళ్లు ఇల్లు నడిచింది. ఇంట్లో తంబాకు వాసనే ఆయనకు సిగరెట్ యాది చేస్తుందేమోనని ఆమె అనుకుంది. మేము డబ్బా, లైటర్ తీసేయమంటే ఆమె బతుకుతెరువునే తీసి బయటపెట్టింది. ఇలాంటి పొరపాటు బీడీలు చేసే ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. మొదటికే మోసం వచ్చింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. కంపెనీ ఆమె బీడీ కార్మికురాలి కార్డు ఇంకా కొట్టేయలేదని, మళ్లీ వెళ్తే పని ఇస్తారని తెలిశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

మా ఆఫీసరు అనుమతి తీసుకుని ఆ ఆదివారం మెట్‌పల్లి బస్సెక్కి కోరుట్లలో దిగాను. లక్ష్మి ఇల్లు అడగాల్సిన పని కూడా పడలేదు. బస్టాండు దాటిన చాయ్ హోటల్ ముందు బెంచీ మీద, కట్టు కట్టిన కాలు చాపుకుని మల్లేశం కనిపించాడు. నన్ను చూసి చేతిలోది వెనక్కి దాచాడు. పొగ మాత్రం భుజం మీదుగా పైకి లేస్తూనే ఉంది. నేనూ ఒక చాయ్ చెప్పి పక్కన కూర్చున్నాను. తిట్టడానికే వచ్చిన మాట నిజం. కానీ అతని మొహం చూశాక తిట్టబుద్ధి కాలేదు.

ఇంట్లో ఎందుకు ఉండవని అడిగాను.

“ఇంట్ల నాకు జాగ ఏడుంది మేడం? పొద్దంత అరుగు మీద ఆడోళ్లు కూసొని బీడీలు జేత్తరు. నేను లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా చాటలు జరపాలె. దుబాయిల ఉన్నన్నేండ్లు గట్లనే నడిసింది. నేనచ్చి అడ్డమైన. హోటల్ల కూసుంటే ఎవనికీ అడ్డం గాదు. కూసుంటే సిగరెట్ తాగబుద్ధైతది.”

లక్ష్మి పని మానేశాక ఇప్పుడు అరుగు ఖాళీయే కదా అన్నాను.

“గదే ఇంక కష్టం. ఆమె ఖాళీగ కూసొని నా కాలు దిక్కు సూత్తది. నా కాలు కోసం ఆమె చెయ్యి కట్టేసుకుంటే నాకు బువ్వ ఎట్ల దిగుతది?”

మేము ఇంటికి నడిచాం. అతను మధ్యలో ఆగి పిక్క పట్టుకుంటే నేనూ ఆగాను. అరుగు నిజంగానే బోసిగా ఉంది. అక్కడ కూర్చునే ఆడవాళ్లంతా పక్కింటి రాజవ్వ అరుగు మీదికి మారారు. రాజవ్వ వాళ్లందరిలో పెద్దది. తల ఎత్తకుండా బీడీలు చుడుతూనే వాడకట్టులో ఎవరు ఎటు పోతున్నారో చెప్పగలిగే మనిషి. నన్ను చూసి అందరూ ఒళ్లో పెట్టుకునే బీడీల చాటలతో సహా లేచి వచ్చి లక్ష్మి అరుగు మీద కూర్చున్నారు. తడి తునికాకు వాసన, కత్తెరల చప్పుడు. ఆ పూట అక్కడ కూర్చోవడం నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

లక్ష్మి పని మళ్లీ మొదలుపెట్టాలని ముందుగా చెప్పాను. తర్వాత ఈ పనిలో తంబాకు ముట్టకుండా చేసేది ఏముందని అడిగాను. ఆకు కత్తిరించడం అన్నారు. నానబెట్టిన తునికాకు మీద రేకు అచ్చు పెట్టి, దాని కొలతకు కత్తెరతో కోస్తారు. కోసిన ఆకులో తంబాకు పోసి చుట్టడం తర్వాతి పని. రెండు చేతులకూ పని, కళ్లకూ పని.

“గయితే తమ్మిని కూసోనియ్యి. ఆకు కోత్తడు,” అంది రాజవ్వ. ఆడవాళ్లు నవ్వారు. మల్లేశం నవ్వలేదు.

కోరుట్లలో మగవాళ్లు ఆకు కత్తిరించరని కాదు. కత్తిరిస్తారు, తలుపు వేసుకుని. ఇంటి ముందు అరుగు మీద, దారిన పోయేవాళ్లందరూ చూస్తుండగా ఆడవాళ్ల మధ్య కూర్చుని కత్తెర పట్టుకోవడం వేరు. అది ఆనాటిదాకా ఎవరూ చేయలేదు. లోపల కూర్చుని కోస్తానన్నాడు మల్లేశం. లోపల ఒంటరిగా కూర్చున్నవాడు వెనక తలుపు తీసుకుని హోటల్‌కు వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. నేను ఏదో చెప్పబోతుంటే అప్పటిదాకా నోరు మెదపని లక్ష్మి అంది:

“కాలు పోతే గీ అరుగు మీదనే కూసుంటవ్. ఉన్నప్పుడే కూసో.”

రాజవ్వ తన చాట కొంచెం జరిపింది. మల్లేశం అక్కడ కూర్చున్నాడు.

సోమవారం సర్జన్‌కు ఈ సంగతి చెబితే ఆయన నమ్మలేనట్టు చూశారు. మానాల్సినవాణ్ని పొగాకు ముందు కూర్చోబెట్టడం కొరివితో తల గోక్కోవడం అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకని కొన్ని షరతులు పెట్టాం. మల్లేశం అరుగు ఈ చివర, తంబాకు చాటలు ఆ చివర. తంబాకు తూకం, నింపడం దగ్గరికి అతను పోకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అందరికీ ఇదే మందు అని నేను చెప్పను. తర్వాత వచ్చినవాళ్లలో ఇంకెవరికీ ఇలా చెప్పలేదు కూడా.

మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. నిద్ర పట్టేది కాదు, చిన్నదానికి చిరాకు. మానినవాళ్లకు అది మామూలే అని ముందే చెప్పి ఉంచాను. కోరిక వచ్చినప్పుడు లేవబోయేవాడట. ఎటు లేస్తున్నావని రాజవ్వ అడిగేది. నీళ్లకు అంటే, చెంబు ముందుకు తోసేది. “నీళ్లు గీన్నే ఉన్నయ్ గద తమ్మీ,” అనేది. మూత్రానికి అంటే, ఎంతసేపట్లో వస్తావని ఆడవాళ్లంతా నవ్వేవారు. హోటల్ స్నేహితులు వచ్చి దుబాయి సేటు బీడీల కంపెనీలో చేరాడని ఎగతాళి చేశారు. అన్నిటికంటే అదే ఎక్కువ కాలిందని తర్వాత చెప్పాడు. ఒకసారి కత్తెర విసిరేసి వీధి చివరిదాకా వెళ్లాడట. పిక్క పట్టేసి ఆగిపోతే, లక్ష్మి వెళ్లి పక్కన నిలబడిందట. నొప్పి తగ్గాక ఇద్దరూ వెనక్కి నడిచి వచ్చారు.

నిజంగా మానాడో లేదో తెలుసుకోవడానికి మా దగ్గర మనిషి మాట తప్ప వేరే కొలత లేదు. ఈ జబ్బులో మాత్రం కాలు చెబుతుంది. వానలు పడేసరికి వేలు తీసిన చోట పుండు మూసుకుంది. చలికాలంలో సర్జన్ పాదం పట్టుకుని చాలాసేపు చూసి, చర్మం వెచ్చగా ఉందన్నారు. ఆయన నోట అదే పెద్ద మాట. నేను గదిలోకి వచ్చి తలుపు వేసుకుని కళ్లు తుడుచుకున్నాను. ఉద్యోగంలో అలా చేసింది తక్కువసార్లే.

ఇప్పుడు నేను రిటైరై సిరిసిల్లలో ఉంటున్నాను. కిందటేడు కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్లి ఆ వీధిలోకి పోయాను. రాజవ్వ లేదు. బీడీల పని తగ్గిపోయింది, కొత్తగా పెళ్లయి వచ్చిన ఆడపిల్లలు ఆ పని నేర్చుకోవడం లేదు. ఒకప్పుడు అరుగు నిండా ఉన్న ఆడవాళ్లలో ఇద్దరే మిగిలారు. ఆ కత్తెరల చప్పుడు మళ్లీ అంతగా వినపడదని తెలిసి మనసుకు వెలితిగా అనిపించింది. ఆ పని మంచిదా చెడ్డదా అంటే నర్సుగా నా జవాబు వేరు, అది కూడా నిజమే. లక్ష్మి చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి మల్లేశం ఆకు పక్కన పెట్టి లేచాడు. బస్టాండు దాకా సాగనంపుతానన్నాడు. హోటల్ ముందు నుంచే నడిచాం, దారిలో అతను ఎక్కడా ఆగలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటి. సిగరెట్ మానేవాడి ఇంట్లోంచి ఏమేం తీసేయాలో మా పద్ధతిలో ఉంటుంది. ఆ ఇంట్లో అతను కూర్చోవడానికి చోటుందా అన్నది అందులో ఉండదు. ముందు అది అడగాలి.