అన్న మాట పడిపోయిన రోజులు

పాత కంప్యూటర్ కనిపిస్తే ఆ మెకానిక్ చేతులు ఊరుకోవు. గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన అతని అన్న కంప్యూటర్లో టైప్ చేస్తే, ఒక పాత ప్రోగ్రామ్ పైకి చదివేది. అడగకుండానే తమ్ముడు ఆ కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. ఆ ప్రోగ్రామ్ ఇక తెరుచుకోలేదు. సెట్టింగులన్నీ మార్చి చూశాడు. ఉలకలేదు, పలకలేదు.

“ఉన్న ఆ కాస్త గొంతూ నొక్కేశావు కదయ్యా!” అంది వదిన.

రోజుల తరబడి అతనికి ముద్ద దిగలేదు. పాత సిస్టమ్ మళ్లీ ఎక్కించబోతే అన్న కంప్యూటర్ మొరాయించింది. చివరికి తన షాపు అటక మీది పాత కంప్యూటర్ దింపి, పాత సిస్టమే వేసి, వదిన వెతికిచ్చిన సీడీతో ప్రోగ్రామ్ ఎక్కించి తెచ్చాడు. అన్న మెల్లగా టైప్ చేశాడు.

“చిక్కిపోయావేంట్రా?” అంది యంత్రం.

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది తమ్ముడికి. తలెత్తకుండా వైర్లు సర్దుతూ కూర్చున్నాడు.