ఉమ్రాకు బ్యాంకు పర్మిషన్

ఉమ్రా చేసొచ్చిన అని అందరూ ముబారక్ చెప్తున్నరు గానీ, పోయేనాడు ఎయిర్‌పోర్టు కాడ నా ఇజ్జత్ ఎట్ల పోయిందో మీకు తెల్వదు. చెప్త ఆగండి. ముందు జర చాయ్ పొయ్యండి.

మా దాంట్ల రివాజు ఏందంటే, ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, పోయే ముందు తెలిసినోళ్ల ఇండ్లకు పోయి, తప్పులేమన్న ఉంటే మాఫ్ చెయ్యమని అడగాలె. అప్పుంటే తీర్చాలె, లేకుంటే అప్పిచ్చినోళ్ల పర్మిషన్ తీసుకోవాలె. అబ్బా చనిపోయినప్పటి నుంచి అమ్మీకి మక్కా చూడాలని ఒక్కటే ఆశ. నాకేమో ఇంజినీరింగ్ చదివిన లోన్ ఇంకా సగం ఉంది. మౌలానా సాబ్‌ను అడిగితే, "కిస్తులు టైముకు కడుతున్నవ్ గదా, పోవచ్చు బేటా. మిత్తి కట్టే పాపానికి తౌబా చెయ్యి, అసలు తొందరగ తీర్చు" అన్నడు.

ఆడికి ఆగితే అయిపోయేది. అమ్మీ వినలే. "అప్పు నెత్తి మీద పెట్టుకొని కాబా ముందట ఎట్ల నిలబడ్తవ్? పోయి అడిగి రా" అన్నది.

పోయిన. శంషాబాద్‌ల మా బ్యాంకుకే. లోన్లు చూసే మేడమ్ ముందట చేతులు కట్టుకొని, "మేడమ్, శుక్రవారం సౌదీ పోతున్న. మీ లోన్ ఇంకా ఉంది. మీరు సరే అంటేనే పోత" అన్న.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "ఎన్ని రోజుల్లో తిరిగొస్తారు?"

టికెట్ మీద తేదీ ఉంది, చెప్పొచ్చు గదా. పెద్ద నమాజీ లెక్క, "అల్లా ఎన్నాళ్లు రాసిపెడితే అన్నాళ్లు" అన్న. అది చాలలేదని, "ఆడ్నే ఉండిపోయే రాత ఉంటే అంతకన్న అదృష్టమేముంది మేడమ్" అని గూడ అన్న. మక్కాల చావొస్తే అదృష్టమని నా మనసుల మాట. ఉమ్రా అనే ముక్క నేను ఆమెకు చెప్పనే లేదని అప్పుడు తట్టలే.

"సరే, నోట్ చేసుకుంటాను" అన్నది. అదే పర్మిషన్ అనుకొని, ఇంటికొచ్చి హాయిగ పండుకున్న.

ఆమె యాదయ్య కాకకు ఫోన్ చేసింది. కాక మా అబ్బా దోస్తు, పక్క ఊర్ల కూరగాయలు పండిస్తడు. నా లోన్‌కు తన ఇంటి కాగితాలు పెట్టి జామీను సంతకం చేసింది ఆయనే. ఆయనకొక్కడికే నేను చెప్పలే. మన కాకనే గదా, వచ్చినంక ఖజూర్ ఇద్దామనుకున్న.

శుక్రవారం గేటు కాడ దండలేసుకొని ఫోటోలు దిగుతున్నం. కాక మందిని తోసుకుంటొచ్చి నా ట్రాలీ పట్టుకున్నడు. మొఖం నిండ చెమటలు. "బిడ్డా, మీ నాయన మొఖం జూసి ఇల్లు పెట్టిన. ఆడ్నే ఉండిపోతవట?"

అమ్మీకి కండ్లల్ల నీళ్లొచ్చినయ్. "ఉమ్రాకు పోతున్నం భయ్యా, దువా చేసుకొని వచ్చేస్తం."

కాక జర మెత్తబడ్డడు. "గట్లనా, సంతోషంగ పోయి రాండ్రి. గా పాస్‌పోర్ట్ మాత్రం నాకిచ్చి పో."

లైనంత నవ్వింది. నవ్వినోళ్లల్ల మా మేనమామ గూడ ఉన్నడు. ఆఖరికి గేటు కాడి జవాను నా టికెట్ తీసుకొని వాపస్ తేదీ చదివి వినిపించిండు. కాక మళ్ల మళ్ల చదివించుకొని అప్పుడు ట్రాలీ వదిలిండు. నాకు నిజంగనే సిగ్గయింది. ఊరంత తిరిగి మాఫీ అడిగినోడిని, అడగాల్సిన మనిషినే వదిలేసిన. ఆయన చేతులు పట్టుకొని మాఫ్ చెయ్యమన్న. "ముందు కిస్తులు ఆపకు బిడ్డా, మాఫ్ సంగతి తర్వాత జూద్దం" అన్నడు.

తిరిగొచ్చిన రోజు బయట అందరికన్న ముందు నిలబడ్డది కాకనే. దండేసి గట్టిగ కావలించుకున్నడు. ఎంతసేపటికీ ఇడ్వడు. ఉమ్రా చేసొచ్చినోడిని గదా, ఆ బరకత్ తనకు గూడ అంటాలని పట్టుకున్నడనుకొని నేను గూడ జర గంభీరంగ నిలబడ్డ. ఆయన ఇంకో చేత్తో ఫోన్ తీసిండు.

"మేడమ్, పోరడు దిగిండు. నా చేతిలనే ఉన్నడు."