మొదటి పల్లవి పాపారావు గారిదే

మా పాపారావు గారికి ఒకటే జబ్బు. ఏ ఊళ్లో పెళ్లైనా సరే, మా ఆర్కెస్ట్రాలో మొదటి పాట ఆయనే పాడాలి. ఆయన గాయకుడైతే గొడవే లేదు. ఆయన పని వైర్లు కలపడం.

డెబ్బైల చివర్లో రాజోలులో ఉండేది మా ఆర్కెస్ట్రా. నాయకుడు మాణిక్యాలరావు గారు, అకార్డియన్ వాయించేవారు. పాటకీ గిటారుకీ సుందరి. చర్చి క్వయర్లో పెరిగిన పిల్ల, మైకుకి పెదాలు ఆనించి పాడేది. నాది డోలక్. దానికి వైరు ఉండదు కనుక పాపారావు గారి దృష్టిలో నేను మనిషినే కాదు.

వైర్లు కలిపేటప్పుడు ఆయన్ని చూడాలి. గిటారుకీ ఆంప్లిఫయరుకీ మధ్య ఒక పెడల్ ఉండేది. మద్రాసు సరుకు, కాలితో నొక్కితే తీగల మోత మారిపోయే ఇనపపెట్టె.

"గిటారు ఆడపెళ్లివారండి, ఆంప్లిఫయరు మగపెళ్లివారు. ఈ పెడల్ మధ్యవర్తి. వైర్లు అటుదిటు చేసేరా, సంబంధం తప్పిపోయినట్టే!" అనేవారు.

ఇంకెవరైనా ఒక్క వైరు ముట్టుకున్నారా, కలిపినవన్నీ పీకి మళ్లీ మొదలు. పెళ్లివారు గడియారాలు చూసుకుంటూ కూర్చునేవారు.

అంతా అయ్యాక అసలు ఘట్టం. గిటారు తగిలించుకుని, తీగలమీద చెయ్యి వేసి, మైకుకి మూతి ఆనించి, తను కట్టుకున్న పల్లవి ఎత్తుకునేవారు. అందులో వెన్నెల ఉండేది, గోదావరి ఉండేది, రాగం మాత్రం ఉండేది కాదు. ఒక్కోసారి మధ్యలో ఆయన గొంతు ఉలిక్కిపడేది. అది గమకమని సరిపెట్టుకునేవాళ్లం.

"ఎందుకండీ ఈ అవస్థ? హలో అంటే చాలదా?" అని ఒకసారి అడిగాను.

"చాలదండి."

"ఎందుకు చాలదు?"

"చాలదంతేనండి."

ఓ పెళ్లిలో ఆ పల్లవి విని ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. పెళ్లికొడుకు మేనత్త అపశకునం అంది. ఆ కబురు ఊళ్లు దాటింది. పలివెలలో గంగరాజు గారు కూతురి పెళ్లికి మమ్మల్ని పిలుస్తూనే షరతు పెట్టారు. "మొదటి పాట సుందరి గారిదేనండి. ఆ వైర్లాయన నోరు తెరిచేరో, మీరంతా సామాను సర్దుకుని బస్సెక్కేయండి."

మాణిక్యాలరావు గారు పాపారావు గారిని పక్కకి పిలిచారు. "ఇవాళ తమరు పాడేరంటే మన పార్టీలో తమకి ఇదే ఆఖరి పెళ్లండి."

"ఆయ్."

"పాడరు కదా?"

"ఆయ్."

మేం నమ్మాం. మా బుద్ధి తక్కువ.

పొద్దున్న వాన పడి పందిట్లో నేల ఇంకా తడిగా ఉంది. మైకు సెట్టు ఆ ఊరివాళ్లది, గిటారు ఆంప్లిఫయరు మాది. కరెంటు చెరో ఇంట్లోంచి లాగారు. పాపారావు గారు ఆ తీగల వెంట వెళ్లి చూసొచ్చి మొహం గంటు పెట్టుకున్నారు. సుందరి గిటారు అందుకోబోతే లాక్కున్నారు. మాణిక్యాలరావు గారు ఆయన చొక్కా పట్టుకున్నారు.

"ఇటివ్వండి!"

"ఇవ్వనండి!"

"పార్టీలోంచి తీసేస్తానండి!"

"తీసెయ్యండి. పాడేకే ఇస్తానండి!"

చొక్కా చిరిగింది. ఆయన మైకు దగ్గరికి చేరిపోయారు.

పాట వెన్నెల దాకానే వచ్చింది. ఆయన కెవ్వుమని ఎగిరి వచ్చి నా డోలక్ మీద పడ్డారు. కొత్తరకం స్టెప్పు అనుకుని జనం ఈలలు వేశారు. "వన్స్‌మోర్!" అని అరిచారు. బస్సు మాట ఎత్తబోయిన గంగరాజు గారు ఆ ఈలలు విని, తెరిచిన నోరు మళ్లీ మూసేసుకున్నారు.

పాపారావు గారు లేచి, మా ఆంప్లిఫయరు రెండు పిన్నుల ప్లగ్గు పీకి, తిరగేసి గుచ్చారు. మళ్లీ వచ్చి తీగలమీద చెయ్యి, మైకుకి మూతి. ఈసారి పల్లవి పూర్తయింది. గమకాల్లేవు. గిటారు సుందరి చేతికిచ్చి, "ఇప్పుడు పాడమ్మా" అన్నారు.

సుందరి ఆయన కమిలిన పెదవి చూసింది. "రోజూ ఇందుకేనా బాబాయిగారూ?"

"చెయ్యి గిటారు మీద, మూతి మైకు మీద. కరెంటు తేడా వస్తే మధ్యలో దొరికేది మనిషేనమ్మా. ఆ దొరికేదేదో ముందు నేనే దొరికితే సరి."

"మాతో చెప్పొచ్చు కదండీ!"

"చెబితే భయపడతావు. మైకుకి దూరంగా నిలబడి పాడతావు. నీ పాట అలా వినడం నాకిష్టం లేదమ్మా."

నాకు ఆయన్ని గట్టిగా కావిలించుకోవాలనిపించింది. ఒంట్లో ఇంకా కాస్త కరెంటు మిగిలుందేమోనని ఆగాను. సుందరి ఆ సాయంత్రం పాడినట్టు మళ్లీ ఎప్పుడూ పాడలేదు. ఆయన్ని తీసేసే మాట మాణిక్యాలరావు గారూ మళ్లీ ఎత్తలేదు.

తరవాతి పెళ్లి రామచంద్రపురంలో. మాణిక్యాలరావు గారే మైకు పట్టుకుని, "మొదటి పాట, మా పాపారావు గారు!" అని ప్రకటించారు. ఆయన క్షేమంగా పల్లవి ముగించారు. మేమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆయన పాటకి చప్పట్లు పడడం అదే మొదలు. పాపారావు గారు మమ్మల్ని తేరిపార చూశారు, గొంతు సవరించుకున్నారు, చరణం అందుకున్నారు.

సుందరి గిటారు కోసం చెయ్యి చాపింది.

"ఉండమ్మా," అన్నారాయన, "ఇంకా రెండు చరణాలున్నాయి."