మెత్తటి పాత పంచె

మొన్న ఆదోనిలో మనవణ్ణి చూపించడానికి తీసుకెళ్లిన చోట గదినిండా ఆటవస్తువులే. ఒక ఉయ్యాల, ఒక పెద్ద రబ్బరు బంతి, నేలమీద వరసగా అతికించిన కాలి గుర్తులు. మావాడికి ఐదేళ్లు, ఆటిజం. పిలిస్తే పలకడు. అక్కడి టీచరమ్మ వాణ్ణి ఆ గుర్తుల మీద పదిసార్లు అటూ ఇటూ నడిపించి, తర్వాత బొమ్మల పుస్తకం ముందు పెట్టింది. వాడు ఆవు బొమ్మ మీద వేలు పెట్టాడు. "దినామూ బాగా నడిపియ్యండవ్వా. ఒళ్లు కదిలినాక కొందరు పిల్లోళ్లకి ధ్యాస కుదురుతాది" అంది. మా కోడలు కళ్లు తుడుచుకుంది. ఆ మాట నాకు కొత్త కాదు. డెబ్బైల్లో ఎమ్మిగనూరులో, అక్షరమ్ముక్క రాని మగ్గం నేసే ఒక అవ్వ మాకు ఇదే చెప్పింది.

మాది చదువులు చెప్పే ఇల్లు. మగవాళ్లలో సగం మంది మంత్రాలయం వైపు గుళ్లలో, సగం మంది బళ్లలో. పిల్లలకు మూడేళ్లు రాగానే బాసింపట్టు వేసి కూర్చోబెట్టేవారు. కదలకుండా ఎంతసేపు కూర్చుంటే అంత తెలివైన వాళ్లని లెక్క. ఆ లెక్కన మా ఇంట్లో అందరికంటే తెలివైనది పెరట్లోని రుబ్బురోలు అయ్యుండాలి. రిటైరైన మా తాత, చిన్నమ్మ, ఆమె కూతురు ఎమ్మిగనూరులో ఉండేవారు. చిన్నాన్న గుడి పనిలో ఉండి వారానికోసారి వచ్చేవాడు. నేను వేసవి సెలవులకు ఆదోని నుంచి వెళ్లేదాన్ని. చిన్నమ్మ కూతురికి ఆరేళ్లు, నాకు పదకొండు. చెల్లెలు మాట్లాడేది కాదు, మన ముఖం చూసేది కాదు. మునివేళ్ల మీద వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు పొద్దంతా నడిచేది. దాన్ని ఏమంటారో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

పక్క ఇల్లు మగ్గం అవ్వది. చల్లటి పొద్దున వీధిలో కర్రలు పాతి, వాటి మధ్య నూలు పరుస్తూ అటూ ఇటూ నడిచి పడుగు పోసేది. వీధంతా గంజి వాసన. ఒకనాడు చెల్లెలు వెళ్లి ఆమె వెనక నడవడం మొదలుపెట్టింది. అవ్వ తరమలేదు, చేతికి నూలు లేని ఖాళీ పుల్ల ఒకటి ఇచ్చింది. చివరికి వచ్చినప్పుడల్లా "మళ్ళు" అనేది, ఇద్దరూ తిరిగేవారు. ఇరవై రోజులకు మా చెల్లెలు తన ముద్ద తనే తినడం నేర్చింది, పిలిస్తే ఆగడం నేర్చింది. ఒక పొద్దున చివరి కర్ర దగ్గర అవ్వ కంటే ముందే "మళ్ళు" అంది. అదే దాని మొదటి మాట. చిన్నమ్మ చేతిలో చెంబు వదిలేసి వీధిలోకి పరుగెత్తింది.

తాతకు ఆ మాట వినపడలేదు, మనవరాలు వీధిలో తిరగడం కనపడింది. "ఒళ్లే నిలవని పిల్లకి మతి ఎట్ల నిలుస్తాది? కూర్చోబెట్టండి" అన్నాడు. మెత్తగా ఉంటుందని తన పాత పంచె చింపి ఇచ్చాడు. జడరిబ్బన్లు కట్టడంలో నా చెయ్యి తిరిగింది గనక, దాని కాలికీ స్తంభానికీ ముడి నన్నే వెయ్యమన్నారు. వేశాను. ఎంత బాగా వేసిందని మెచ్చుకుని బొరుగుల ఉండ చేతిలో పెట్టారు. తిన్నాను కూడా. ఇవాళ్టికీ బొరుగుల ఉండ చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అవ్వ గడప బయట నిలబడి, "కట్టేసినారా సామీ? నా ఎనక నడిసినప్పుడే కదా నోరు తెరిసింది" అంది. మా ఇంటి బిడ్డ సంగతి మాకు తెలుసని తాత పంపేశాడు. చిన్నమ్మ మామగారికి ఎదురు చెప్పలేదు. ముడి విప్పనూ లేదు.

మళ్లీ వేసవికి వెళ్లేసరికి వరండాలో ఉచ్చ వాసన. చాప కుళ్లిపోయింది. పంచె ఒరుసుకుని చీలమండ పుండయింది, పసుపూ కొబ్బరినూనే పూసిన చోట ఈగలు ముసురుతున్నాయి. పిల్ల ఇప్పుడు ఎంత బుద్ధిగా కూర్చుంటోందో చూడమని తాత వచ్చినవాళ్లకు చూపిస్తున్నాడు. అన్నం మళ్లీ తల్లే తినిపిస్తోంది. పండితులని పేరుపడ్డ మా ఇంటి మీద అంత రోత నాకు మళ్లీ ఎన్నడూ పుట్టలేదు.

తాత బజారుకు వెళ్లినప్పుడు నేనే వేసిన ఆ ముడిని పంటితో విప్పాను. వీధిలో అవ్వ పడుగు పోస్తోంది. చెల్లెల్ని చెయ్యి పట్టి లేపితే లేచింది. నాలుగడుగులు వేసింది. కట్టిన పంచె పొడవు అంతే. అక్కడ ఆగి, ఎవరూ చెప్పకుండానే "మళ్ళు" అని, తిరిగి స్తంభం దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఎప్పుడో యాభై ఏళ్ల కిందటి మాట, ఇంకా ఎందుకు తలుచుకుంటావంటారు మావాళ్లు. వాళ్లకు యాభై ఏళ్లు గడిచాయి గానీ, నాకు ఆ నాలుగడుగులు ఇంకా గడవలేదు.